నీటి, గ్యాస్ గొట్టాల పీడన పరీక్ష: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పరికరాల ఎంపిక

గొట్టాల వరసను అన్ని వైపులా మూసి, అది రోజూ మోసే ఒత్తిడికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి, అనుకున్నంత సేపు నిలబడుతుందో లేదో చూడటాన్ని పీడన పరీక్ష అంటారు. లీకు పరీక్ష దీనికి దగ్గరిదే కానీ ఇదే కాదు. మొదటిది గొట్టానికీ అతుకుకీ ఎంత బలముందో చెబుతుంది. రెండోది ఆ అతుకు ఎంత బిగువుగా కూర్చుందో చెబుతుంది. పెద్ద ఒత్తిడికి పగలకుండా నిలిచిన గొట్టం నుంచి కూడా సన్నగా గ్యాసు పోతూ ఉండవచ్చు. పని చేసేవాళ్ళ నోట రెండూ కలిసి ‘లైన్ టెస్టింగ్’. ‘ఎన్ని కేజీలు పెట్టారు?’ అని ప్లంబర్‌ని అడిగితే, చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడి పెట్టారని అర్థం. ఒక కేజీ అంటే రమారమి ఒక బార్, పద్నాలుగు పీఎస్ఐ, పది మీటర్ల నీటి ఎత్తు. ఈ వ్యాసంలో కేజీ, బార్ రెండూ కనిపిస్తాయి. ఇంటి పనికి రెంటినీ ఒకటిగానే తీసుకోవచ్చు.

పరికరం ఎంచుకునేటప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒకటే: ఈ లైనులో ఎంత చిన్న లీకు మన కంటికి కనపడాలి? ధర, కంపెనీ పేరు, డిజిటల్ తెర వంటివన్నీ ఆ తర్వాతి సంగతులు. దుకాణంలో మొదట అడగాల్సిన ఈ ప్రశ్నను చాలామంది అడగరు. ఏ పనికీ సరిపడని గేజిలు పనిముట్ల సంచుల్లో పేరుకోవడానికి అదే కారణం.

కొండ కింద, కొండ పైన

తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది, తిరుమల 853 మీటర్ల ఎత్తున. కింది నుంచి పైదాకా ఒకే గొట్టం వేసి నీళ్ళు నిలబెడితే, అడుగున దాదాపు 70 కేజీల ఒత్తిడి పడుతుంది. కొండ మీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలున్నా, యాత్రికుల రద్దీకి చంద్రగిరి వైపున్న కల్యాణి డ్యాం నీళ్ళు కూడా ఎక్కించాల్సి వస్తుంది. ఇంత ఎత్తును ఒక్క ఊపులో దాటించాలని చూస్తే గొట్టం, వాల్వు, పంపు అన్నీ 70 కేజీలకు తట్టుకునేవే కావాలి. కొండలకు నీళ్ళెక్కించేచోట దారిలో సంపులు కట్టి అంచెలుగా పంపు చేసే పద్ధతి ఈ లెక్క నుంచే పుట్టింది. అంచెలు పెట్టినా, ఒక్కో అంచె అడుగున పడే ఒత్తిడి ఊళ్ళోని ఏ అపార్టుమెంటులోనూ కనపడనంత పెద్దది.

పడమటి మండలాల సంగతి వేరు. కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు వెయ్యి అడుగులు దిగిన బోర్లు కొత్త కాదు. నీటిమట్టం అడుక్కి పోయినప్పుడు మోటారు దగ్గర గొట్టం 30 కేజీలు మోయాలి. అదే రైతు మామిడి తోటలో డ్రిప్పు పైపుకి ఒకటి, ఒకటిన్నర కేజీ చాలు. తిరుపతిలో అయిదంతస్తుల లాడ్జి పైన ట్యాంకు పెడితే, కింది అంతస్తు కొళాయి దగ్గర ఒత్తిడి రెండు కేజీలకు అటూఇటూ ఉంటుంది.

శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో డక్టైల్ ఐరన్ గొట్టాల కర్మాగారం ఉంది. ముందు లాంకో ఇండస్ట్రీస్‌గా, తర్వాత శ్రీకాళహస్తి పైప్స్‌గా నడిచి, ఇప్పుడు ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో కలిసిపోయింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 8329 ప్రకారం ఈ గొట్టాల్లో ప్రతి ఒక్కటీ ఫ్యాక్టరీ దాటేలోపు నీటి పీడన పరీక్షలో నెగ్గాలి. చిన్న వ్యాసం కే9 తరగతి గొట్టాలకు ఆ ఒత్తిడి 50 బార్. ఇక వంటింటి గ్యాస్ గొట్టంలో ఉండేది ఎంత? సిలిండర్ రెగ్యులేటర్ దాటాక సుమారు 30 మిల్లీబార్లు. పైపుల ద్వారా వచ్చే సహజవాయువైతే మీటరు దాటాక 21 మిల్లీబార్లు. రాచగున్నేరి గొట్టం పరీక్షకూ వంటింటి పొయ్యికీ మధ్య తేడా పదహారు వందల రెట్లకు పైమాటే. రెండింటినీ చదవగల గేజి ఒక్కటీ లేదు. ‘అన్నింటికీ పనికొచ్చే’ టెస్టింగ్ సెట్టు అని ఎవరైనా అమ్మజూపితే, ఏ కొలత నుంచి ఏ కొలత దాకా అని అడగాలి.

గేజి

ఎక్కువగా వాడేది బోర్డన్ గేజి. లోపల వంపు తిరిగిన చిన్న లోహపు గొట్టం ఒత్తిడికి కొద్దిగా సాగి ముల్లును తిప్పుతుంది. మన దేశంలో దీని ప్రమాణం ఐఎస్ 3624. డయల్ మీద చిన్న అక్షరాల్లో ‘క్లాస్ 1’ అనో ‘1.6’ అనో ‘2.5’ అనో ఉంటుంది. కొనేవాళ్ళు ముందుగా చూడాల్సింది ఆ అంకెనే. అది పూర్తి స్కేలు మీద ఎంత శాతం తప్పు రావచ్చో చెబుతుంది, ముల్లు ఉన్నచోటి అంకె మీద కాదు. 10 బార్ల దాకా చదివే 1.6 తరగతి గేజి ఎక్కడ ఆగినా 0.16 బార్ అటూఇటూ ఉండవచ్చు. అదే తరగతి 60 బార్ల గేజి దాదాపు ఒక బార్ అటూఇటూ.

చేత్తో కొట్టే టెస్టింగ్ పంపుల విషయంలో ఇదే పెద్ద లోపం. బజారులో దొరికే మామూలు పంపుకి 12 లీటర్ల తొట్టి, 50 నుంచి 60 బార్ల దాకా ఒత్తిడి పుట్టించే పిస్టను, దానికి తగ్గట్టే 60 బార్ల గేజి ఉంటాయి. ఇంటి లైనుకి పెట్టేది 6 కేజీలు. ముల్లు డయల్‌లో పదో వంతు దగ్గర ఆగిపోతుంది. రాత్రికి రాత్రి పావు కేజీ పడిపోయినా కంటికి ఆనదు. లైను బాగుందని గోడ పూసేస్తారు. ఆరునెలలకు కింది ఇంటి సీలింగు మీద చెమ్మ మచ్చ లేస్తుంది. పంపు మార్చనక్కర్లేదు; ఆ గేజి విప్పి 10 బార్లదో, ఒత్తిడి కాస్త ఎక్కువ పెట్టేచోట 16 బార్లదో బిగిస్తే సరి. పెట్టబోయే ఒత్తిడి డయల్ నడుమ మూడో భాగంలో పడాలన్నది పాటించదగ్గ సూత్రం. డయల్ వెడల్పు 100 మిల్లీమీటర్లు ఉంటే గీతల మధ్య దూరం పెరిగి చూపు సులువవుతుంది. ఇంత మంచి మెరుగుదల ఇంత తక్కువ ఖర్చులో పరీక్ష పరికరాల్లో మరొకటి లేదు.

పంపు దెబ్బలకు ముల్లు వణుకుతుంటే గ్లిసరిన్ నింపిన గేజి మేలు. మోటారు పంపులున్నచోట గేజికి ముందు స్నబ్బర్ అనే చిన్న బిగింపు పెడితే అదిరిపాటు తగ్గుతుంది. పరీక్ష కట్టాక పంపుకీ లైనుకీ మధ్య వాల్వు మూసి, గేజి మాత్రం లైను వైపే ఉండేలా చూసుకోవాలి. లేకపోతే పంపులోని వాషరు కారినా లైను కారిందనిపిస్తుంది.

నీటి లైన్లు: గోడ పూయకముందు

ఇంటి లోపలి నీటి గొట్టాలకు కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలు చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు పెట్టి, కనీసం అరగంట తగ్గకుండా నిలవాలంటాయి. ప్రైవేటు కట్టడాల్లోనూ మంచి మేస్త్రీలు ఈ అంకెనే పట్టుకుంటారు. అరగంట అన్నది కనీసమే. కన్సీల్డ్ లైనుకి రాత్రంతా ఉంచడం మంచిది.

ఒక బాత్రూం లైను పరీక్ష ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూస్తే పరికరాల అవసరం తెలుస్తుంది. గోడకు గాడి కొట్టి సీపీవీసీ వేశారు. అతుకుల సొల్యూషన్ ఆరడానికి కంపెనీ చెప్పినంత సేపు ఆగారు. కొళాయి పాయింట్లన్నిటికీ ఎండ్ ప్లగ్గులు బిగించారు. గీజరు దగ్గర వేడినీళ్ళ పాయింటునూ చన్నీళ్ళ పాయింటునూ చిన్న కనెక్షన్ పైపుతో కలిపారు, దాంతో రెండు లైన్లూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. షవరు పాయింటు అన్నిటికన్నా ఎత్తున ఉంది కాబట్టి దాని ప్లగ్గు వదులుగా ఉంచి, కింద నుంచి నెమ్మదిగా నీళ్ళు నింపారు. మొదట బుసబుసమని గాలి, ఆపైన గాలీ నీళ్ళూ కలిసిన నురగ, చివరకు తెగకుండా నీటి ధార వచ్చాక షవరు ప్లగ్గు బిగించారు. అప్పుడు పంపు పిడి పట్టాలి. గాలి పూర్తిగా పోయి ఉంటే నాలుగైదు పోట్లకే ముల్లు గబగబా లేస్తుంది. ఎన్ని పోట్లు వేసినా మెల్లగా, మెత్తగా పెరుగుతుంటే లోపల గాలి చిక్కుకుందన్నమాట. గాలి నొక్కుకుపోయి మళ్ళీ సాగుతుంది కాబట్టి నీరు బొట్లుబొట్లుగా కారినా ఒత్తిడి వెంటనే పడదు, లీకు దాగిపోతుంది. మళ్ళీ షవరు ప్లగ్గు విప్పి గాలి తీయాల్సిందే. 6 కేజీలు చేరాక ప్రతి ప్లగ్గు మర చుట్టూ పొడి చేతివేలు తిప్పి చూస్తారు. కంటికి కనపడని తడి వేలికి తగులుతుంది.

బోరునీళ్ళలో సన్నటి ఇసుక వస్తుంటే పంపు తొట్టిలోకి గుడ్డతో వడకట్టి పోయాలి. చిన్న ఇసుక రేణువు చెక్ వాల్వు కింద ఇరుక్కుంటే పంపు ఒత్తిడి నిలపలేదు.

సీపీవీసీకి మరో సంగతుంది. ఇంటికి వాడే ఎస్‌డీఆర్ 11 గొట్టం 23 డిగ్రీల దగ్గర 28 కేజీల దాకా మోస్తుందని రాసి ఉంటుంది. 82 డిగ్రీల దగ్గర దాని సత్తా 7 కేజీలకు దిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతి మిద్దె మీద ఎండలో కాగిన గొట్టానికి చల్లటి పొద్దుట ఉన్నంత బలముండదు. పీవీసీ, సీపీవీసీ గొట్టాలను కంప్రెసర్ గాలితో పరీక్షించడం మాత్రం ఎప్పుడూ చేయరాదు. తయారీదారులంతా వద్దనే చెబుతారు. నీళ్ళు మోయడం ఆలస్యమని గాలి పెట్టే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. దాని ప్రమాదం కింది లెక్కలో తెలుస్తుంది.

వంద లీటర్లు పట్టే గొట్టాన్ని 6 బార్లకు నీటితో నొక్కితే అందులో దాగే శక్తి పది జౌళ్ళకు లోపే. అదే గాలితో నొక్కితే సుమారు 75 వేల జౌళ్ళు. నీటితో అయితే అతుకు ఊడినప్పుడు చిమ్మి ఆగిపోతుంది. గాలితో అయితే ప్లాస్టిక్ ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

నేలలో పూడ్చినవి

మునిసిపల్ లైన్లు, టౌన్‌షిప్ లైన్లు పరీక్షించడానికి చేతిపంపు చాలదు. మోటారు పంపు, చార్టు రికార్డరు కావాలి. వేసిన గొట్టంలో లీకు ఎక్కడుందో వెతకడం వేరే విద్య. రాత్రి ఊరు సద్దుమణిగాక వాల్వు మీద వినికిడి కర్ర ఆనించి చెవి పెడితే నీరు చిమ్మే సవ్వడి తెలుస్తుంది. ఇనుప గొట్టాల్లో ఈ సవ్వడి దూరం ప్రయాణిస్తుంది, ప్లాస్టిక్ గొట్టాల్లో కొద్ది దూరానికే చచ్చిపోతుంది. రెండు చోట్ల సెన్సర్లు పెట్టి, సవ్వడి చేరే సమయాల తేడాతో లీకు దూరం లెక్కగట్టే కోరిలేటరు ఖరీదైనది. ఊరంతా ప్లాస్టిక్ గొట్టాలే ఉన్న పంచాయతీ దాన్ని కొనేముందు ఒకసారి అద్దెకు తెచ్చి చూడాలి. ప్లాస్టిక్ లైన్లకు ట్రేసర్ గ్యాస్ పద్ధతి నమ్మకమైనది: అయిదు శాతం హైడ్రోజన్, మిగతా నైట్రోజన్ కలిపిన, అంటుకోని మిశ్రమాన్ని ఎక్కించి, నేల మీద హైడ్రోజన్ పసిగట్టే పరికరంతో నడుస్తారు.

ఇంటివాళ్ళకైతే వీటి అవసరం లేదు. కొళాయిలన్నీ కట్టేసి వాటర్ మీటరు వైపు చూడటం, మీటరు లేకపోతే రాత్రి ట్యాంకు మట్టం గీత గీసి తెల్లారి చూడటం, ఖర్చులేని లీకు పరీక్ష.

గ్యాస్ లైన్లు

ఏజీ అండ్ పీ ప్రథమ్ సంస్థ చిత్తూరు, కోలారు, వేలూరు జిల్లాలను కలిపిన భౌగోళిక ప్రాంతంలో సహజవాయువు పంపిణీ చేపట్టడంతో, సిలిండర్ తప్ప మరొకటి ఎరుగని ఈ ఊళ్ళకు పైపు గ్యాస్ పరిచయమైంది. వీధిలో పూడ్చే పాలిథిలీన్ గొట్టంలో సాధారణంగా 4 బార్ల ఒత్తిడి ఉంటుంది. ఇంటి దగ్గర రెగ్యులేటరు దాన్ని 100 మిల్లీబార్లకు, మీటరు దగ్గరి రెగ్యులేటరు 21కి తగ్గిస్తాయి. ఒకే వరసలో మూడు ఒత్తిళ్ళు. మూడింటికి మూడు గేజిలు. వీధి గొట్టాన్ని నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే 6 బార్ల గాలితో పరీక్షిస్తారు. పైన గాలి వద్దన్న మాటకు ఇది విరుద్ధం కాదు. పాలిథిలీన్ సాగే గుణమున్నది, పెళుసుగా పగలదు. గ్యాస్ గొట్టంలో నీళ్ళు మిగిలితే తర్వాత ఇబ్బంది. అయినా ఆ పరీక్ష శిక్షణ పొందినవాళ్ళు, జనాన్ని దూరంగా ఉంచి చేయాల్సిందే.

వంటింటి లైనుకి 10 బార్ల గేజి పెట్టి ‘ముల్లు కదల్లేదు’ అనడం పొరపాటు. ఆ డయల్‌లో చిన్న గీత విలువే 200 మిల్లీబార్లు. మొత్తం గ్యాస్ ఒత్తిడి 30 మిల్లీబార్లైనప్పుడు ముల్లు కదిలేదెక్కడ? ఇక్కడ కావాల్సింది మానోమీటరు. 100 మిల్లీబార్ల దాకా చదివి, మిల్లీబారులో పదో వంతు చూపే డిజిటల్ పరికరం హాయి. అది లేకపోతే మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు లెవల్ ట్యూబు చాలు. దాన్ని ఒక చెక్కకు యు ఆకారంలో కట్టి సగం నీళ్ళు పోసి, ఒక కొసను లైనుకి తగిలిస్తే రెండో వైపు నీరు లేస్తుంది. 30 మిల్లీబార్లకు రెండు మట్టాల మధ్య తేడా సుమారు 30 సెంటీమీటర్లు. తేడా ఒక మిల్లీమీటరు మారినా కన్ను పడుతుంది, అది మిల్లీబారులో పదో వంతు. వేల రూపాయల బోర్డన్ గేజికి అందనిది అర్ధరూపాయి నీళ్ళకు అందుతుంది. ఒక్క జాగ్రత్త: హోటళ్ళలో వాడే హై ప్రెషర్ రెగ్యులేటరు లైనుకి దీన్ని తగిలించరాదు. నీళ్ళు ఎగిరిపడి ఆ గొట్టమే గ్యాసు వదిలే దారి అవుతుంది.

ఈ పరీక్ష ఎంత సూక్ష్మమో చూడండి. 15 మిల్లీమీటర్ల గొట్టం పది మీటర్లుంటే లోపలి ఖాళీ రెండు లీటర్ల లోపు. పది నిమిషాల్లో ఒక మిల్లీబార్ తగ్గిందంటే పోయిన గ్యాసు రెండు మిల్లీలీటర్లకు మించదు. గొట్టం ఎంత పెద్దదైతే అదే లీకు అంత ఆలస్యంగా కనపడుతుంది. అందుకే పెద్ద హోటలు కిచెన్, కల్యాణమండపం లైన్లను వాల్వుల దగ్గర విడగొట్టి ముక్కలుగా పరీక్షించాలి. 19 కిలోల సిలిండర్లు వరసగా కలిపే మానిఫోల్డు వైపు ఒత్తిడి వేరు. 40 డిగ్రీల వేసవిలో ఎల్పీజీ ఆవిరి ఒత్తిడి 10 బార్ల దరిదాపులకు చేరవచ్చు. ఆ భాగాన్ని నైట్రోజన్‌తో, దాని రెగ్యులేటరుతో, తగిన గేజితో పరీక్షించాలి. ఆక్సిజన్ సిలిండరు అందుబాటులో ఉందని దాన్ని వాడటం ప్రాణాంతకం: నూనె, గ్రీజు తగిలితే చాలు అంటుకుంటుంది.

సిలిండరుకి కూడా పీడన పరీక్ష గడువుంది. పిడి కింద ఉండే పట్టీ లోపలి వైపున ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన రెండంకెల సంవత్సరం రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ ఏప్రిల్ నుంచి జూన్, సీ జూలై నుంచి సెప్టెంబరు, డీ అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ త్రైమాసికం దాటిన సిలిండరు ఇంటికొస్తే తీసుకోకుండా తిప్పి పంపే హక్కు వినియోగదారుకు ఉంది.

వేసిన రోజు నెగ్గిన గొట్టం ఎల్లకాలం నెగ్గదు. కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. నేలలోని ఇనుప గొట్టం లోపల నుంచి తుప్పుపట్టి పలుచనవుతుంటే పాత పరీక్ష కాగితం దాన్ని ఆపలేదు. వాడుకలోని గ్యాస్ లైనుకి కాలానుగుణంగా లీకు వెతుకులాట అవసరమనడానికి తెలుగు నేల మీద ఇంతకన్నా బాధాకరమైన సాక్ష్యం లేదు.

ఎండా, ఎత్తూ

మూసిన గొట్టంలోని గాలి ఒత్తిడి వేడిమితో పాటు మారుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర ఒక్క డిగ్రీకి సుమారు మూడున్నర మిల్లీబార్లు. 30 మిల్లీబార్ల పరీక్షలో ఇది పదో వంతుకు పైన! మధ్యాహ్నం ఎండ పడ్డ బాల్కనీ గొట్టానికి పరీక్ష కట్టి, నీడ వచ్చాక చూస్తే లీకు లేకున్నా ముల్లు పడుతుంది. పొద్దుట కట్టి మధ్యాహ్నం చూస్తే లీకు ఉన్నా ఒత్తిడి తగ్గదు. రెండోదే ప్రమాదకరం. 6 బార్ల గాలి పరీక్షలో పది డిగ్రీల తేడా దాదాపు 0.23 బార్ మారుస్తుంది. దీనికి విరుగుడు సులభం: గొట్టానికి తాకేలా థర్మామీటరు ఉంచి మొదట, చివర రెండు అంకెలూ రాసుకోవడం. పెద్ద లైనైతే ఇరవై నాలుగు గంటలు ఉంచి ఒకే వేళకు చూడటం. ఇంటి గ్యాసు లైనుకి తెల్లవారుజామే అనువైన సమయం. గాలి నింపిన వెంటనే గేజి చదవకుండా కాసేపు ఆగి, వేడి సర్దుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

ఎత్తు సంగతి తిరుపతి వాళ్ళకే ప్రత్యేకం. అలిపిరి నుంచి ఘాట్ రోడ్డెక్కి తిరుమల చేరేసరికి వాతావరణ పీడనం 75 నుంచి 80 మిల్లీబార్లు తగ్గుతుంది. కేసు పూర్తిగా మూసి ఉన్న తక్కువ శ్రేణి గేజి కొండ మీద ఏమీ తగిలించకుండానే కొంత చూపించవచ్చు. 10 బార్ల గేజిలో ఆ తేడా తెలియదు గానీ, 100 మిల్లీబార్ల పరికరంలో కొలతంతా తలకిందులవుతుంది. గ్లిసరిన్ గేజి నెత్తిన ఉండే రబ్బరు బిరడాకు గాలి రంధ్రం తెరవాలి. డిజిటల్ మానోమీటరుని కొండెక్కాక సున్నా చేయాలి. పరమ పీడనం కొలిచే పరికరాలను ఈ పనికి కొనకపోవడమే మంచిది. చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూపే గేజి రకమే కావాలి.

పసిగట్టే పరికరాలు

ఒత్తిడి తగ్గిందని తెలిశాక చోటు పట్టాలి. సబ్బు నురగను మించిన చౌక పరికరం లేదు. అమోనియా కలిసిన సబ్బులు ఇత్తడి ఫిట్టింగులను పగిలేలా చేయగలవు కాబట్టి లీకు పరీక్షకని అమ్మే ద్రావణమే వాడాలి. అగ్గిపుల్ల గీసి చూడటం ఎంత చిన్న లీకుకైనా వద్దు.

ఎలక్ట్రానిక్ పరికరం కొనేటప్పుడు అది ఏ వాయువుకి సరిచేసి ఉందో అడగాలి. ఎల్పీజీ గాలిలో రెండు శాతానికి కాస్త లోపే అంటుకోగల స్థాయికి చేరుతుంది. సహజవాయువులోని మీథేన్‌కు అయిదు శాతం కావాలి. మీథేన్‌కు సరిచేసిన పరికరం ఎల్పీజీ దగ్గర చూపే అంకె నిజం కాదు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పారుతుంది, పొయ్యి గట్టు కింద, డ్రైనేజీ గుంతల్లో చేరుతుంది. సహజవాయువు తేలిక, సీలింగు కింద పేరుకుంటుంది. సిలిండర్ నుంచి పైపు గ్యాసుకి మారిన ఇంట్లో నేల దగ్గర బిగించిన పాత అలారం అలాగే ఉంటే అది వృథా. గ్యాసు నిండిన చోటికి తీసుకెళ్ళే పరికరం నిప్పురవ్వ పుట్టించనిదై, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ఆమోదం ఉన్నదై ఉండాలి. ఎల్పీజీ లీకైతే పరికరాల జోలికి పోకుండా స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

ఆక్సిజన్, అమోనియా, ఆవిరి

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, పైపుల్లో ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. అది లీకు కాదు, సరఫరా తెగడం. కానీ గొట్టంలో పీడనం అంటే ఊపిరే అయినచోట, పీడనాన్ని కనిపెట్టే పరికరం ఎంత కీలకమో ఆ రాత్రి చూపింది. ఆస్పత్రి ఆక్సిజన్ లైను మామూలుగా 4 బార్ల వద్ద నడుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7396 ప్రకారం అది 20 శాతం అటూఇటూ అయితే వార్డులోనే అలారం మోగాలి. ఆక్సిజన్ గేజి నూనె అంటనిదై ఉండాలి, గ్లిసరిన్ నింపినది అస్సలు పనికిరాదు. ఇక్కడ లీకు పరీక్షతో పాటు ఏ గొట్టం ఎటు పోతోందో ఒక్కొక్కటిగా తెరిచి చూసే పరీక్ష కూడా తప్పనిసరి. ఆక్సిజన్ గొట్టం నైట్రస్ ఆక్సైడుకి కలిసిపోయినా లీకు పరీక్ష నిక్షేపంగా నెగ్గుతుంది.

పాల డెయిరీలు, శీతల గిడ్డంగులు అమోనియాతో చల్లబరుస్తాయి. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లె దగ్గర డెయిరీలో అమోనియా లీకై పలువురు మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. అమోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. మామూలు గేజి లోపలి గొట్టం రాగి మిశ్రమమే కాబట్టి ఇక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు గేజి తప్ప మరొకటి బిగించరాదు.

తిరుమల అన్నప్రసాద వంటశాల కోసం 2002లో 106 అద్దాల సౌర ఆవిరి వ్యవస్థ ఏర్పడింది. 180 డిగ్రీల వేడి, 10 బార్ల ఒత్తిడి ఉన్న ఆవిరితో రోజుకు 15 వేల మందికి వండగల ఏర్పాటది. ఆవిరి గొట్టాలను చల్లగా ఉన్నప్పుడు నీటితో పరీక్షించి, ఆ తర్వాతే ఆవిరి వదులుతారు. గేజికి ముందు మెలిక తిరిగిన సైఫన్ గొట్టం ఉండాలి. అందులో చల్లారిన నీరు నిలిచి, మరిగే ఆవిరి గేజి లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

సరిచూసుకోవడం, కొనుగోలు

కింద పడ్డ గేజి, ఒకసారి స్కేలు దాటి తిరిగిన గేజి నమ్మదగ్గవి కావు. ఏడాదికోసారి ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ప్రయోగశాలలో కాలిబ్రేషన్ చేయించాలి. ఈలోగా అనుమానం వస్తే మిద్దె మీది ట్యాంకే ప్రమాణం: కొళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం నుంచి కింద గేజి బిగించిన చోటికి టేపుతో ఎత్తు కొలిస్తే, 18 మీటర్లకు 1.8 కేజీలు చూపాలి. తక్కువ శ్రేణి మానోమీటరుని పక్కనే యు గొట్టం పెట్టి పోల్చవచ్చు.

సొంతంగా కొనాలా, అద్దెకు తేవాలా అన్నది పని పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఇళ్ళ పనులు చేసే ప్లంబరుకి చేతిపంపు, 10 బార్ల గేజి, 16 బార్ల గేజి, ఎండ్ ప్లగ్గులు, థర్మామీటరు సొంతానివి ఉండాలి. గ్యాస్ పనులు కూడా చేసేవాళ్ళకు వీటితో పాటు డిజిటల్ మానోమీటరు, కాలిబ్రేషన్ పత్రమున్న వాయు డిటెక్టరు కావాలి. కోరిలేటరు, ట్రేసర్ గ్యాస్ సామగ్రి వంటివి ఏడాదిలో కొన్నిసార్లే అవసరం కాబట్టి ఆ పని చేసే బృందాన్ని పిలిపించుకోవడమే చవక. ఇల్లు కట్టించుకునేవాళ్ళు మేస్త్రీ నుంచి అడగాల్సిన కాగితంలో పెట్టిన ఒత్తిడి, మొదలైన వేళ, ముగిసిన వేళ, రెండు వేళల్లోనూ ఉష్ణోగ్రత, గేజి శ్రేణి, దాని కాలిబ్రేషన్ తేదీ ఉండాలి. దానికి గోడ పూయకముందు గొట్టాల దారి పక్కన కొలతటేపు ఆనించి తీసిన ఫొటోలు జత చేసుకుంటే, పదేళ్ళ తర్వాత డ్రిల్లు పెట్టేవాడికి ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.